కిటికీలోంచి గొయ్యి కనపడును

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ స్తంభానికి ఆనుకున్నవాళ్లు ఇటు రండి, అక్కడ జల్లు కొడుతుంది. ఫౌస్తో, ఆ కాఫీ మిషను కాసేపు ఆపవయ్యా, రైలింజను కూత కూసినట్టు ఏమిటా గోల? మోర్తదెల్లా మాంసం కోసుకునేవాళ్లు కోసుకోండి కానీ, కత్తి చప్పుడు వినిపించకూడదు. సూట్‌కేసు మీద కూర్చున్న అమ్మా, మీరెవరో తెలీదు గానీ మీరూ రండి, ఊరికే వినడానికి టిక్కెట్టు లేదు. ఇవాళ నేను చెప్పబోయేది కృతజ్ఞత గురించి. ఆ సరుకు మన బొలోన్యాలో ఈమధ్య బొత్తిగా దొరకడం లేదు.

మన ఊళ్లో ఇటలీ సంస్కృతి ఇంకా కొన ఊపిరితో ఉందంటే ఆ పుణ్యం మనది కాదు. అమెరికా నుంచి ఒక్క టర్మ్ చదువుకోడానికి వచ్చే కాలేజీ పిల్లలది!

ఏం, నవ్వుతారేం?

వాళ్లు రాకముందు మనకో సంస్కృతి ఉందని మనకి తెలుసా? ఉతికిన బట్టలు కిటికీ బయట తీగ మీద ఆరేసుకునేవాళ్లం, అంతే. అది సంస్కృతి అని మనకి చెప్పిందెవరు? ఆ పిల్లలు! తలెత్తి చూసి, కళ్లలో నీళ్లు పెట్టుకుని, ఫోటోలు తీశారు. ఇప్పుడు మా వీధిలో మాసిన బట్టలు లేకపోతే ఉతికినవే మళ్లీ తడిపి ఆరేస్తున్నారు. ఇయోలే గారైతే పోయిన మొగుడి డ్రాయర్లు ఏడాదిగా తీగ మీద నుంచి దించలేదు. ఫోటోల్లో ఆ రంగు బాగా పడుతోందిట!

రొట్టెల కొట్టు మొగుడూ పెళ్లాలు ఎన్నో ఏళ్లుగా మాటల్లేకుండా బతికారు. ఒకరోజు ఏదో మాటామాటా వచ్చి వీధి పొడుగునా ఉండే వసారాలో చేతులు తిప్పుకుంటూ తిట్టుకున్నారు. పిల్లలు గుంపుగా చేరి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్నాక ఆగుతారా? ఇప్పుడు రోజూ పొయ్యి ఆర్పగానే బయటికొచ్చి తిట్టుకుంటున్నారు. కాపురం నిలబడింది!

మన ఊరి పేరుతో లోకమంతా తినే స్పగెట్టీ ఒకటుంది. మన ఊళ్లో పుట్టినవాడెవడూ దాని మొహం చూడలేదు. పిల్లలు అడిగారు. లేదన్నాం. ఏడుపు మొహాలు పెట్టారు. ఇప్పుడు ప్రతి హోటల్లోనూ ఉంది, ‘మా అమ్మమ్మ చేతి వంట’ అని బోర్డుతో సహా! ఎవరి అమ్మమ్మ అని అడక్కండి. దాంతోపాటు వాళ్లు, మనం పొద్దున తప్ప ముట్టని పాల కాఫీ, కపుచీనో కూడా తెమ్మన్నరోజు మన ఫౌస్తో కళ్లు తేలేశాడు. మొహాన నీళ్లు కొడితే లేచాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని తెచ్చి పెడుతున్నాడు. అలవాటైపోయింది.

ఇంత మేలు చేసిన పిల్లల మీదా మీరు గొణిగేది? అయితే నేరియో సంగతి వినండి. విన్నాక మీరే చెప్పండి.

నేరియో ఎవరో తెలుసుగా? కనెస్త్రీ వీధిలో పచ్చ తలుపు ఇల్లు, రెండో అంతస్తు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ సిటీ బస్సు తోలాడు. ఈ ఊళ్లో బస్సు తోలడమంటే ఏమిటి? తవ్వేసిన రోడ్ల పక్కనుంచి పాక్కుంటూ పోవడమేగా! ఊళ్లో ప్రతి గొయ్యి పక్కనుంచీ వెళ్లాడు పాపం, ఒక్క గోతిలోకీ తీరిగ్గా తొంగి చూసే యోగం పట్టలేదు. వెనక హారన్లు, లోపల ప్యాసింజర్ల సణుగుడు. అందుకే రిటైరైన మర్నాడే నెత్తిన టోపీ పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, గోతుల కోసం ఊరి మీద పడ్డాడు.

ఇందులో వింతేం లేదు. రిటైరైన మగాడు మన ఊళ్లో చేసే పనే అది. ఎక్కడ రోడ్డు తవ్వుతుంటే అక్కడ బారికేడ్ ముందు నిలబడి, లోపల పనిచేసేవాళ్లకి పని నేర్పుతాడు. అడక్కుండానే. ఉచితంగానే.

దానికో పద్ధతి ఉంది మరి! మోచేతులు బారికేడ్ మీద ఆనించకూడదు. పనివాళ్లు మొదటి కాఫీ తాగేదాకా నోరు తెరవకూడదు, తాగాక మూయకూడదు. పని బాగుందని చచ్చినా అనకూడదు. అన్నిటికంటే ముఖ్యం, గొయ్యి తొందరగా పూడిపోవాలని కలలో కూడా కోరుకోకూడదు. అంతకంటే పాపం ఇంకోటి లేదు.

నేరియో భార్య పేరు ఆర్జియా. పోయింది. పోతూ పోతూ ఆయనకి రెండు వదిలివెళ్లింది. తడి జుట్టుతో బయటికెళితే మనిషి చస్తాడనే నమ్మకం ఒకటి. వంటింటి కిటికీలో ఎర్రమట్టి జెరేనియం పూలకుండీ ఒకటి. ఆ కుండీ మీద చుట్టూ ద్రాక్షగుత్తులు అచ్చు పోసి ఉంటాయి. ఆదివారం సంతలో బేరమాడి బేరమాడి, అమ్మేవాడు ఏడ్చే స్థితికొచ్చాక కొన్నది. నేరియో రోజూ దానికి నీళ్లు పోసి, ఆర్జియాకి ఊళ్లో కబుర్లన్నీ చెప్పేవాడు. అంటే కుండీకి చెప్పేవాడనుకోండి.

అలాంటివాడికి అదృష్టం తలుపు తట్టింది. తలుపు తట్టడమేమిటి, తలుపు ముందే తవ్వింది! కనెస్త్రీ వీధిలో పాత నీళ్ల పైపు మార్చడానికి సరిగ్గా ఆయన కిటికీ కింద గొయ్యి తీశారు. ఇంక ఆయన ఆనందం చూడాలి! లేవగానే కిటికీ తెరిచి, జెరేనియం ఆకుల మధ్యనుంచి గోతిని చూస్తూ కాఫీ తాగడం, తాగి కిందికి దిగడం, దీపస్తంభం పక్కన తన చోట్లో నిలబడడం.

ఒకరోజు పైనుంచే జేసీబీవాడికి దారి చెబుతూ, “ఎడమకిరా! ఎడమకి! నీ ఎడమ కాదు, నా ఎడమ!” అని ముందుకి వంగాడు. మోచెయ్యి తగిలింది. కుండీ కింద పడింది. గోతిలోకి.

ఆయన మెట్లన్నీ దిగి బారికేడ్ దగ్గరికి పరిగెత్తాడు. గొయ్యి మేస్త్రీ లోరిస్ అని, దుక్కలాంటి మనిషి, మెత్తని గుండె. ముక్కల మీద మెల్లగా మట్టి లాగుతూ అన్నాడు, “పోనీలే పెద్దాయనా. ఆవిడ పువ్వులు ఈ వీధి కిందే ఉన్నాయనుకో. రోజూ మీదనుంచి నడుస్తావుగా.”

ఇదిగో, సరిగ్గా అప్పుడు దిగారు మన పిల్లలు.

వాళ్లని తోలుకొచ్చిన ప్రొఫెసరమ్మ పేరు విట్‌కాంబ్. పొడుగు మనిషి, ఎండాకాలంలో కూడా మెడకి శాలువా. చరిత్ర అంటే రాళ్లు కాదు, బతికున్న మనుషులు అని ఆవిడ సిద్ధాంతం. ఆవిడ చెప్పే పాఠం పేరు ‘సజీవ సంస్కృతి, రెండో భాగం’. మొదటి భాగం ఐస్‌క్రీమ్ అనుకుంటా.

మ్యూజియానికి పోతూ పోతూ బారికేడ్ దగ్గర మన పెద్దాయనల వరస చూసింది. చూసి, నిలువునా ఆగిపోయింది.

“ఇదే!” అంది. “పిల్లలూ, మ్యూజియం అక్కర్లేదు. అందరూ చేతులు వెనక్కి పెట్టుకోండి!”

పెట్టుకున్నారు. టర్మ్ అయ్యేదాకా తియ్యలేదు.

నేరియో పక్కన నిలబడ్డ పిల్ల పేరు డెలానీ. మొహమంతా మచ్చలు, మనసంతా వెన్న. రోజూ తలంటుకుని తడి జుట్టుతో వచ్చేది. అది చూస్తే నేరియోకి గుండె దడ.

“అమ్మాయ్, జుట్టు తుడుచుకో. చస్తావ్.”

“అలాగే సార్. మీరిప్పుడేం ఆలోచిస్తున్నారు సార్?”

“పైపు గురించి.”

“ఇంకా లోతుగా?”

“ఇంకా లోతుగా అంటే... ఇంకో అడుగు తవ్వితే మురుక్కాలవ తగుల్తుంది పిల్లా.”

ఆ పిల్ల దాని మీద పెద్ద వ్యాసం రాసేసింది. ప్రొఫెసరమ్మ దాన్ని వసారాలో నిలబడి పైకి చదివింది. మనిషి జ్ఞాపకాల అడుగున ఇంకా చీకటి జ్ఞాపకాలు ప్రవహిస్తుంటాయని ఈ వృద్ధుడు మనకి చెబుతున్నాడట!

నేరియో పక్కనే ఎప్పుడూ నిలబడే ఆదెల్మో, పాతకాలం నుంచీ స్నేహితుడు, నోరు వెళ్లబెట్టాడు. “ఒరేయ్ నేరియో, మురుక్కాలవ గురించి అంత అందంగా ఎప్పుడు చెప్పావురా? నేనెక్కడికి పోయానప్పుడు?”

“నువ్వు ఒంటేలుకి వెళ్లావు.”

ఆ పిల్లల మంచితనం చూడండి! మనం పనివాళ్లని ఎప్పుడైనా మెచ్చుకున్నామా? వాళ్లు మెచ్చుకున్నారు. పారతో మట్టి ఎత్తితే “అద్భుతం!” అన్నారు. దింపితే చప్పట్లు కొట్టారు. లోరిస్‌ని పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ మెచ్చుకోలేదేమో, మనిషి కరిగి నీరైపోయాడు. పనివాళ్లు జుట్టుకి నూనె పెట్టుకొచ్చారు. జేసీబీవాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పార ఎత్తినవాడు ఫోటో పడేదాకా దింపడం మానేశాడు. వారంలో అవ్వాల్సిన పని నెలకి పోయింది. తొందరెవరికి? గొయ్యి అంత అందంగా ఉంటే!

నేరియో మెళ్లో ట్యాగు వేశారు, దాని మీద పెద్ద అక్షరాలతో ‘స్థానికుడు’ అని. ఆయన దాన్ని స్నానానికి తప్ప తియ్యలేదు. కాస్త తలకెక్కిందనే చెప్పాలి. రొట్టెల కొట్లో వరస తప్పించి ముందుకెళ్లి ట్యాగు చూపించడం నా కళ్లతో నేను చూశాను.

ఫోటోలు సముద్రం దాటాయి. ఆ కాలేజీలో వచ్చే టర్మ్‌కి మన ఊరొస్తామన్న పిల్లలు మూడింతలయ్యారు. అందరికీ ఒకటే కోరిక. గదిలోంచి గొయ్యి కనపడాలి!

మే నెల చివర్లో ఒర్నెల్లా మెట్లెక్కి వచ్చింది. నేరియో ఉంటున్న ఇల్లు ఆవిడదే. వస్తూనే కుర్చీలో కూలబడి కళ్లు ఒత్తుకుంది.

“కాఫీ పెట్టకు నేరియో. నాకు గొంతు దిగదు.”

“ఏమైంది ఒర్నెల్లా? ఎవరైనా పోయారా?”

“నీకంటే నాకే ఎక్కువ బాధగా ఉంది తెలుసా!”

“దేనికి?”

“నిన్ను ఖాళీ చేయించాలి కదా!”

“అయ్యో. ఎవరు చేయించమన్నారు?”

“నేనే!” అని ఒర్నెల్లా బావురుమంది. నేరియో పాపం లేచి చేతిరుమాలు ఇచ్చాడు. ఇంట్లోంచి తరిమేవాళ్లకి కళ్లు తుడిచే మర్యాద ఇంకెక్కడైనా ఉందా? ఇదీ సంస్కృతి అంటే!

“జూన్ ఆఖరుకి నీ ఒప్పందం అయిపోతుంది,” ముక్కు చీదుతూ చెప్పింది ఒర్నెల్లా. “వీధి మొత్తం మీద గోతికి సూటిగా కిటికీ ఉన్న ఇల్లు ఇదొక్కటే. నలుగురు పిల్లలు పడతారు. సన్నగా ఉన్నవాడైతే వంటింట్లో ఇంకొకడు.”

“వాళ్లకి ఇక్కడే ఎందుకు?”

“నిన్ను చూడ్డానికే నాయనా!”

నేరియో కాసేపు ట్యాగు కేసి చూసుకున్నాడు. ఆర్జియా వంట చేసిన పొయ్యి కేసి చూశాడు. కుండీ ఉండే చోట కిటికీ అంచు మీద గుండ్రంగా మరక ఉంటే దాని కేసి చూశాడు.

“గొయ్యి పూడిపోతే?” అన్నాడు.

“గొయ్యే లేకపోతే ఈ కొంప ఎవడిక్కావాలి? మెట్లా నిటారు, గోడలా చెమ్మ. నువ్వే ఉండు చచ్చేదాకా!”

అంతే. ఆ మాటే చెవిలో మోగుతుంటే నేరియో కిందికి దిగాడు. ముందు ప్రొఫెసరమ్మ దగ్గరికెళ్లి చెప్పుకున్నాడు. ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“ఎంత అన్యాయం! ఎంత లోతైన బాధ! దీన్ని వచ్చే టర్మ్ సిలబస్‌లో పెడతాను!”

అక్కణ్నుంచి బారికేడ్ దగ్గరికెళ్లాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“లోరిస్. గొయ్యి పూడ్చెయ్యి నాయనా.”

లోరిస్ నోట్లో సిగరెట్ జారి గోతిలో పడింది. పెద్దాయనల వరసంతా ఒక్కసారి గతుక్కుమంది. ఒకాయన శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఆదెల్మో ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. “జ్వరంరా వీడికి! తడి తలతో తిరిగుంటాడు!”

“జ్వరం కాదురా. జూన్‌లోపు గొయ్యి పూడకపోతే నాకు ఇల్లుండదు.”

“అయినా సరే, నలుగురిలో అనే మాటేనా అది? మనసులో అనుకోవాలిగానీ!”

లోరిస్ మాత్రం పార పక్కన పెట్టాడు. “తాతా, పైపు దింపడం ఒక రోజు పని. కానీ ఈ పిల్లలు ఇక్కడుంటే మావాళ్లు పని చెయ్యరు. ఫోజులిస్తారు.”

“పిల్లల్ని నాకొదిలెయ్.”

ఇంక ఏం చేశాడనుకున్నారు? ఈ ఊరి చరిత్రలో ఎవరూ చెయ్యని పని చేశాడు. అమెరికా పిల్లల్ని తీసుకుని మ్యూజియానికి వెళ్లాడు!

రోజూ పొద్దున్నే వాళ్లని గోతి దగ్గర్నుంచి తోలుకుపోవడం, గుళ్లు చూపించడం, గోపురాలు చూపించడం, పటాలు చూపించడం. తను కూడా వాటిని మొదటిసారి చూడడమే! “ఇది ఎవరి బొమ్మ సార్?” అంటే “మావాడే ఎవడో” అనేవాడు. పిల్లలు నీరసించిపోయారు. “సార్, ఇదంతా పుస్తకాల్లో ఉంది కదా, మమ్మల్ని నిజమైన ఇటలీకి తీసుకెళ్లండి సార్” అని బతిమాలారు. ఆయన వినలేదు. పాలరాతి విగ్రహాల మధ్య కాళ్లీడ్చుకుంటూ తిరిగారు బిడ్డలు.

ఈలోపు అక్కడ పైపు దిగింది. బిగించారు. నీళ్లు వదిలారు. ఎక్కడా కారలేదు. పూడ్చడానికి గురువారం మట్టి లారీ వస్తుందని లోరిస్ చెప్పాడు.

బుధవారం సాయంత్రం నేరియో దీపస్తంభం పక్కన ఒక్కడే నిలబడి గోతిలోకి చూశాడు. ఆ మట్టి కింద ఎక్కడో కుండీ ముక్కలున్నాయి. ఇల్లు మిగలాలంటే వాటి మీద తారు పడాలి. ఆయన ముక్కు ఎర్రబడింది.

దూరం నుంచి డెలానీ చూసింది.

ఆ పిల్లకి అర్థమైంది ఒక్కటే. గొయ్యి పూడితే ఈ మనిషి బతకడు! నిజం చెప్పండి, ఆ పిల్లది ఎంత మంచి మనసు! మనలో ఎవరికైనా పక్కింటివాడి ముక్కు ఎర్రబడితే కనిపిస్తుందా?

గురువారం లారీ వచ్చింది. తొట్టి పైకి లేచింది. “ఆగండి!” అని కేక. చూస్తే మ్యూజియానికి పోకుండా ఆగిపోయిన డెలానీ గోతిలో ఉంది! తడి జుట్టుతో, మోకాళ్ల మీద, చేతుల్తో మట్టి గీకుతోంది. గీకి గీకి ఎర్రటి పెంకు ఒకటి పైకెత్తింది. దాని మీద ద్రాక్షగుత్తి!

“రోమన్!” అని అరిచింది.

ఇప్పుడు ఒక్క మాట. మన ఊళ్లో పాత పెంకు బయటపడిందని సర్కారుకి తెలిస్తే పని అక్కడికక్కడే ఆగిపోతుంది, అందుకని అది బయటపడితే ఏం చెయ్యాలో అమ్మ కడుపులోంచే నేర్చుకొస్తాం కదా? లోరిస్ వెంటనే ఆకాశంలో మబ్బులు చూశాడు. జేసీబీవాడు వంగి బూటు లేసు కట్టుకున్నాడు. ఆదెల్మో ఈల వేశాడు. లారీ డ్రైవరు రేడియో పెంచాడు. వీధిలో ఒక్క ప్రాణీ గోతి వైపు చూడలేదు. రోమన్లు పోయిన తర్వాత కూడా ఈ ఊళ్లో రోడ్డు పనులు అప్పుడప్పుడూ పూర్తవుతున్నాయంటే అది ఈ విద్య చలవే! లేకపోతే మనం ఇంకా గాడిదల మీద తిరిగేవాళ్లం.

కానీ ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదే! ఇంత మంది ప్రొఫెసర్లుండి ఏం లాభం? ఫోటో తీసేసింది. పంపేసింది. వీధిలో మేం తలలు దించేలోపు సముద్రం అవతల చప్పట్లు మోగాయి.

మధ్యాహ్నం భోజనం వేళకి పురావస్తు శాఖ, అదే మన పాత రాళ్ల ఆఫీసు నుంచి ఒకాయన దిగాడు, చంకలో ఎరుపూ తెలుపూ రిబ్బన్ చుట్టతో. వచ్చీరాగానే కట్టడం మొదలెట్టాడు. మ్యూజియం నుంచి అప్పుడే తిరిగొచ్చిన నేరియో ఆయాసపడుతూ పరిగెత్తాడు.

“బాబూ, అది మా ఆవిడ కుండీ!”

ఆయన కళ్లజోడు పెట్టుకుని పెంకుని అటూ ఇటూ తిప్పాడు. “అవునండీ. మా అమ్మకీ ఉంది ఇలాంటిదే. ఆదివారం సంతలో కొన్నారు కదూ?”

“అవును! సంతలోనే!”

“గుత్తి చివర పండు ఒకటి చితికినట్టుంటుంది. అచ్చు పోత సరిగ్గా కుదరక.”

“అదే బాబూ, అదే!”

“పాపం, మంచి కుండీ,” అంటూ ఆయన రిబ్బన్‌కి రెండో ముడి వేశాడు.

“మరి తెలిసీ కడుతున్నారేంటి?”

“కట్టమని పిలిచారు, వచ్చాను. కట్టడం నా పని పెద్దాయనా. విప్పడం వేరే సెక్షను.”

“ఆ సెక్షనెక్కడుంది? నేనే వెళ్లి పిలుచుకొస్తా!”

“మా మావగారు చూసేవారు. రిటైరయ్యారు. ఆ కుర్చీలోకి ఇంకా ఎవర్నీ వెయ్యలేదు.”

“ఆయన్నే ఓసారి రమ్మనండి. ఎక్కడున్నారు?”

“ఎక్కడుంటారు? ఊళ్లో ఏదో గొయ్యి చూస్తూ ఉంటారు.”

రిబ్బన్ చుట్టూ తిరిగి వచ్చింది. మట్టి లారీ వెనక్కి పోయింది. లోరిస్ పారలు ఎత్తించుకుంటూ, నేరియో కేసి చూడలేక జేసీబీ చాటునుంచి వెళ్లిపోయాడు. డెలానీ మాత్రం గోతిలోంచి ఎగబాకి వచ్చి ఆయన్ని వాటేసుకుంది. ఒళ్లంతా మట్టి.

“సార్! మీ గొయ్యి ఇంక ఎక్కడికీ పోదు సార్! మీ కోసమే చేశాను!”

ఆయన మెల్లగా ఆ పిల్ల తల నిమిరాడు. చెయ్యి తడిసింది.

“మంచిదానివి తల్లీ. ముందు జుట్టు తుడుచుకో. చస్తావ్.”

జూన్ ఆఖరున ఒర్నెల్లా మళ్లీ ఏడ్చుకుంటూ వచ్చి తాళాలు తీసుకుంది. గేటుకి కొత్త బోర్డు పెట్టింది, ‘కిటికీలోంచి రోమన్ గొయ్యి కనపడును’ అని.

నేరియో ఇప్పుడు ఊరవతల, తను తోలిన బస్సు చివరి స్టాపు దగ్గర ఉంటున్నాడు. అక్కడ అన్నీ కొత్త మేడలు, రోడ్లన్నీ నున్నగా ఉంటాయి. చూడ్డానికి ఒక్క గొయ్యి లేదు. ఆదెల్మో ఇల్లు కూడా పిల్లల గదులైపోయింది, వాడు పక్క ఊరు ఇమోలాలో కూతురింట్లో టీవీ ముందు కూర్చుంటున్నాడు. ఇయోలే గారు వెళ్లిపోయారు, డ్రాయర్లు మాత్రం పిల్లలు ఉంచమన్నారు కాబట్టి తీగ మీదే ఉన్నాయి. వరసలో మిగతావాళ్లు ఒక్కొక్కరే ఎటో సర్దుకున్నారు.

శరదృతువులో కొత్త పిల్లలు దిగారు. గొయ్యి చుట్టూ నిలబడ్డారు. చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అటూ ఇటూ చూశారు. బారికేడ్ దగ్గర వాళ్లు తప్ప పురుగు లేదు. ఒకళ్లనొకళ్లు ఫోటోలు తీసుకున్నారు.

ప్రొఫెసరమ్మకి చెమట్లు పట్టాయి. “సజీవ సంస్కృతి ఏదీ? సిలబస్‌లో ఉందే! ముసలాయన ఉండాలే ఇక్కడ!”

వెతగ్గా వెతగ్గా చివరి స్టాపులో దొరికాడు. కాళ్లావేళ్లా పడ్డారు. బస్సు పాసు ఇప్పించారు. ట్యాగుకి కొత్త తాడు కట్టారు. అదుగో, రోజూ పొద్దున్నే బస్సెక్కి తన వీధికి తను వస్తున్నాడు, స్థానికుడిగా నిలబడ్డానికి! ఒక లాభం మాత్రం ఉంది. ఇప్పుడు బస్సు తోలేది వేరేవాడు కాబట్టి, దారిలో ఉన్న గోతులన్నీ కిటికీలోంచి తీరిగ్గా చూసుకుంటూ వస్తున్నాడు.

గోతిలో ఇప్పుడు అద్దాల పెట్టె పెట్టారు. లోపల లైటు. ఆర్జియా కుండీ ముక్కలు మెత్తటి గుడ్డ మీద పడుకున్నాయి. ఆవిడ ఉన్నప్పుడు కూడా దాన్ని అంత శుభ్రంగా తుడవలేదు. పక్కన అట్టముక్క మీద రాసి ఉంది. ‘ఇంటి సామాను. యజమాని ఎవరో తెలియదు.’

నేరియో రోజంతా దాని ఎదురుగా నిలబడతాడు. పెదాలు కదుల్తుంటాయి. పిల్లలు ప్రార్థన అని రాసుకుంటారు. ఆయన ఊళ్లో కబుర్లు చెబుతుంటాడంతే.

మొన్న ఆయన పాత వంటింటి కిటికీ తెరుచుకుంది. ఒక కుర్రాడు బయటికి వంగి, మర్యాదగానే కేకేశాడు.

“తాతగారూ! కాస్త పక్కకి జరుగుతారా? గోతికి అడ్డొస్తున్నారు!”

జరిగాడు.

ఇప్పుడు చెప్పండి, ఈ పిల్లల్ని తిట్టడానికి నోరెలా వస్తుంది మీకు? వాళ్లేం తప్పు చేశారు? ఇటలీవాళ్లు ఎలా బతుకుతారో చూద్దామని సముద్రం దాటి వచ్చారు. ఎంత గౌరవం! ఎంత ప్రేమ! పాపం, వాళ్లొచ్చేసరికి మనమే ఇంట్లో లేం. తలుపు తీసి, తాళం చేతిలో పెట్టి, బోర్డు తగిలించి, మనమే చివరి స్టాపులో దిగిపోయాం. ఒర్నెల్లా ఒక్కతే కాదు, ఈ వసారా పొడుగునా ఎన్ని గేట్లకి అలాంటి బోర్డులున్నాయో బయటికెళ్లి చూసుకోండి. చూడ్డానికి వచ్చినవాళ్లని ఏమనగలం, చూపించడానికి మనుషుల్నే మిగల్చకపోతే?

అదుగో, అందరూ తలలు దించేశారు. ఫౌస్తో కూడా మిషను ఆన్ చెయ్యడం మర్చిపోయాడు.

సూట్‌కేసు మీద కూర్చున్న అమ్మ మాత్రం చెయ్యెత్తింది. మన బడికి బదిలీ అయి వచ్చిన లెక్కల టీచరట. సెప్టెంబరు నుంచి ఇల్లు దొరక్క తిరుగుతోందిట. కళ్లు మెరుస్తున్నాయి.

“అదంతా సరేగానీ సార్, ఆ గొయ్యి ఖాళీగానే ఉందిగా? లైటూ ఉంది, నీళ్ల పైపూ ఉంది. అద్దెకిస్తారేమో కనుక్కుంటారా? నాకు పిల్లి కూడా ఉంది, పర్లేదంటారా?”